అమ్మ మోకాళ్ళకీ నాన్న బొటనవేలికీ ఒకే పథ్యం కుదరదు

అమ్మా, మీరు రాసింది ఒకటికి రెండుసార్లు చదివాను. రాజోలు దగ్గర పల్లెలో అమ్మగారు, 58 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ నొప్పులు, మెట్లు దిగేటప్పుడు మరీను. ఇరుగుపొరుగు వాళ్ళు వాతమని చెప్పి చింతపండు, వంకాయ, పెరుగు, కందిపప్పు మాన్పించేశారు. నాలుగు నెలలుగా పక్క మండలంలో ఒకాయన పొట్లాలు కట్టి ఇచ్చే పొడి వాడుతున్నారు. మూడో రోజుకే నొప్పి పోయిందట, కానీ ఈమధ్య మొహం గుండ్రంగా ఉబ్బింది, ఎన్నడూ లేని షుగరు కనబడింది. నాన్నగారికేమో సంక్రాంతి వెళ్ళాక ఒకసారి, మొన్న పెళ్ళి భోజనం తరవాత ఇంకోసారి అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. ఇద్దరికీ కలిపి పసుపు పాలు, ఎముకల సూపు నడుస్తున్నాయి. మందుల జోలికి పోకుండా తిండితోనే తగ్గించుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

నేను ఆయుర్వేదం చదువుకున్నవాణ్ణి. ఉద్యోగమంతా కోనసీమలోనూ నరసాపురం వైపూ వైద్యశాలల్లోనే గడిచింది. ఆకులూ తైలాలూ అంటే నాకు గౌరవమే. అందుకే వాటి పేరు చెప్పి జరిగే మోసం మీద కోపం కూడా ఎక్కువ. తిండి సంగతి తరవాత, ముందు ఆ పొడి సంగతి చూడండి.

ఏ మూలికైనా సరే, మూడు రోజుల్లో మోకాలి నొప్పిని తుడిచిపెట్టదు. అలా తుడిచిపెట్టిందంటే అందులో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపారేమోనన్న అనుమానం ముందు రావాలి. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటివి చవగ్గా దొరుకుతాయి, ఏ చూర్ణంలో కలిపినా కంటికి కనబడవు. ఆకలి పెరగడం, మొహం చందమామలా గుండ్రబడటం, పొట్ట రావడం, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోవడం, షుగరూ బీపీ ఎక్కడం, ఇవన్నీ దాని లక్షణాలే. ఏళ్ళ తరబడి వాడితే ఎముకలు గుల్లబారిపోతాయి. మోకాళ్ళ కోసం మింగింది చివరికి తుంటి ఎముక విరగడానికి దారితీస్తుందన్నమాట.

అలాగని రేపు పొద్దున్నించి మానేయమని మాత్రం చెప్పను, మీరూ చెప్పకండి. నెలల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లో సహజంగా తయారయ్యేది పడుకుండిపోతుంది. ఒక్కసారిగా ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ పొట్లాం పట్టుకుని అమలాపురమో రాజమండ్రో వెళ్ళి జనరల్ ఫిజీషియన్‌కి చూపించండి. "నాలుగు నెలలుగా ఇది వాడుతోందండి, ఇందులో ఏముందో తెలీదు" అని దాచకుండా చెప్పండి. ఆయన కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఊళ్ళో ఇచ్చే నొప్పి ఇంజెక్షన్ల సంగతీ దాదాపు ఇంతే. బీపీ మాత్రలు వాడేవాళ్ళు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళు నెలకి నాలుగుసార్లు అవి పొడిపించుకోవడం మంచిది కాదు.

ఇక అసలు విషయం. మన వైద్యంలోనూ కీళ్ళనొప్పులన్నీ ఒకటే అని ఎవరూ అనలేదు. సంధివాతం, ఆమవాతం, వాతరక్తం అని విడదీశారు. ఇప్పటి డాక్టర్లు ఆస్టియో ఆర్థ్రైటిస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, గౌట్ అనేవాటికి ఇవి చాలా దగ్గర. మొదటిది కీలు మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి అరగడం. నడిస్తే నొప్పి, కూర్చుంటే నెమ్మది. పొద్దున్నే పట్టేసినట్టున్నా అరగంటలోపు సర్దుకుంటుంది. రెండోదాంట్లో మన రోగనిరోధక శక్తే మన కీళ్ళ మీద పడుతుంది. చేతివేళ్ళ కణుపులు, మణికట్లు రెండువైపులా వాస్తాయి. పొద్దున గంట దాటినా గుప్పిట ముడుచుకోదు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడింతలు ఎక్కువ. మూడోది యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కీలులో పేరుకోవడం. రాత్రికి రాత్రి ఒకే కీలు, ఎక్కువగా బొటనవేలి మొదలు, నిప్పులా మండుతుంది. చికెన్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి ఉండే నొప్పులు ఇంకో రకం. అవి చూడ్డానికి రెండోదానిలాగే ఉంటాయి. 2006లో మన వైపు అది ఊళ్ళకి ఊళ్ళు పడేసినప్పుడు ఈ రెంటినీ విడదీసి చెప్పడానికి మాకే కష్టమయ్యేది.

ఈ రకాలన్నిటికీ ఒకే పథ్యం పెట్టడం వల్లే మీ ఇంట్లో చిక్కొచ్చింది. ఒకరికి మేలుచేసే చేప ఇంకొకరికి కీడు చేస్తుంది, ఒకరికి హాయిగా ఉండే కాపడం ఇంకొకరికి నరకం చూపిస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారిది మొదటి రకంలా, నాన్నగారిది మూడో రకంలా ఉంది. చూడకుండా ఖాయంగా చెప్పడం నాకిష్టం లేదు. కానీ అలా అనుకునే మిగతాది రాస్తున్నాను.

అమ్మగారి మోకాళ్ళకి తిండిలో అన్నిటికంటే పెద్ద మందు బరువు తగ్గడం. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. అంటే అయిదు కిలోలు తగ్గితే ఇరవై కిలోల బియ్యం బస్తా దించినట్టే, అదీ అడుగడుక్కీ. ఏ లేహ్యమూ ఇంత పని చెయ్యదు. గోదావరి జిల్లాల్లో ఈ మాట చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. చాలండీ అని విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకే ఇంకో గరిటె పడే ఊళ్ళు మనవి. "ఆయ్, నేనేం తింటానండి, రెండు ముద్దలు" అనే పెద్దవాళ్ళని మధ్యలో ఏం తిన్నారని అడిగితే పొద్దున్న కాఫీ, పదింటికి టీ, దాంతో బిస్కెట్లు, సాయంత్రం మనవడు వదిలేసిన కాజా, అన్నీ బయటికొస్తాయి.

అన్నం మానక్కర్లేదు. కంచంలో ముందు కూర వడ్డించి, తరవాత అన్నం పెట్టండి. ఇప్పుడు తినేదాంట్లో సగం అన్నం, రెట్టింపు కూర. బీరకాయ, సొరకాయ, దొండకాయ, కంద బచ్చలి, పొన్నగంటి కూర, ములక్కాడ, ఏది పెరట్లో ఉంటే అది, నూనె తగ్గించి. కొబ్బరి మన దగ్గర పుష్కలం కదా అని ప్రతి కూరలో కోరి వెయ్యక్కర్లేదు. రాత్రి అన్నం బదులు పెసరట్టు పెడితే మంచిదే, ఉప్మా లేకుండా. టీలో పంచదార తగ్గితే షుగరుకీ మేలు.

ఇంకో పొరపాటు చాలా ఇళ్ళలో చూస్తాను. ఒళ్ళునొప్పులు రాగానే పెద్దవాళ్ళు చారన్నంలోకీ పచ్చడిలోకీ దిగిపోతారు. పప్పూ గుడ్డూ పెరుగూ మానేస్తే కండ కరిగిపోతుంది. మోకాలిని కాచేది తొడ కండే. అది సన్నబడితే భారమంతా అరిగిన కీలు మీదే పడుతుంది. కాబట్టి కందిపప్పు, పెసరపప్పు, పెరుగు మళ్ళీ మొదలుపెట్టండి. పెరుగు వాతం చేస్తుందని వంటింట్లో అనుకునే మాట వేరు. ఈ వయసు ఆడవాళ్ళకి కాల్షియం అందే తేలిక దారి అదే. చింతపండు, వంకాయ కీళ్ళు అరగదీస్తాయనడానికి ఆధారం లేదు. తిన్నప్పుడల్లా నొప్పి పెరుగుతోందని అమ్మగారు గట్టిగా అంటే వాదించకండి. మూడు వారాలు మానిపించి, ఆ తరవాత వరసగా నాలుగు రోజులు పెట్టి చూడండి. నిజంగా తేడా కనిపిస్తే ఆ ఒక్కటి మానేస్తే పోతుంది. దాంతో పాటు పది కూరలు మాన్పించడం దేనికి?

రాగిజావ, నువ్వులు, మునగాకు ఎముకకి మంచివి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే అవి అరిగిన మృదులాస్థిని తిరిగి తెప్పించవు. ఎముక గుల్లబారడం, కీలు అరగడం రెండూ వేరు. ఎముకల సూపులో కాల్షియం మీరనుకున్నంత ఉండదు. అదే ఖర్చుతో గుడ్లు కొనండి. విటమిన్ డి కోసం ఏడింటి లేత ఎండలో కూర్చోబెడతారు చాలామంది. ఆ వేళ సూర్యకిరణాల్లో దానికి కావలసిన అంశ దాదాపు ఉండదు. పదకొండు ప్రాంతంలో చేతులూ కాళ్ళూ తగిలేలా ఓ ఇరవై నిమిషాలు వాకిట్లో కూర్చుంటే చాలు. వేసవిలో వడగాలుల రోజుల్లో వద్దనుకోండి, మాత్ర మేలు.

వ్యాయామం అనగానే నడక ఒక్కటే అనుకుంటారు. కాలవ గట్టు మీద నడవడం మంచిదే, కానీ దానికి ముందు తొడకి బలం రావాలి. మంచం మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టండి. తువ్వాలు చుట్టచుట్టి మోకాలి కింద పెట్టి, మోకాలితో ఆ చుట్టని మంచానికేసి నొక్కమనండి. తొడ మీద మీ చెయ్యి వేసి చూడండి, కండ గట్టిపడితే సరిగ్గా చేస్తున్నట్టు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. పూటకి పదిసార్లు, ఒక్కో కాలికీ. వారం పోయాక కాలు నిటారుగా జానెడెత్తు లేపి ఆపడం, ఆ తరవాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం. మొదటి రెండు వారాలు కాస్త నొప్పి పెరిగినట్టుంటుంది, బెదరక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మెట్ల దగ్గర తేడా తెలుస్తుంది.

పైపూతల దగ్గరికి వద్దాం, మీకు ఎక్కువ ఆసక్తి ఇక్కడే ఉందని కనిపెట్టాను. చర్మం మీద రాసిన నూనె బండి ఇరుసుకి పెట్టిన కందెనలా కీలులోకి దిగదు. పని చేసేది ముఖ్యంగా వేడి, చేత్తో చేసే మర్దన. నువ్వుల నూనె, ఆముదం, మహానారాయణ తైలం, ఏదైనా గోరువెచ్చగా చేసి తొడ కింది భాగం నుంచి పిక్క దాకా మెల్లగా రాయండి. చిప్ప మీద గట్టిగా నలపకండి. బాలింతలకి నీళ్ళు పోసేటప్పుడు వేసే వావిలాకు ఉంది కదా, అది నాలుగు గుప్పిళ్ళు నీళ్ళలో మరిగించి, ఆ నీళ్ళలో తువ్వాలు ముంచి పిండి మోకాలికి చుడితే పావుగంట హాయిగా ఉంటుంది. ఆకే కారణమా వేడే కారణమా అంటే, ఎక్కువ భాగం వేడే అంటాను నేను. అయినా వావిలాకు వాసనకి అమ్మగారు ఆనందంగా చేయించుకుంటారు, అది తక్కువేం కాదు.

జిల్లేడాకు వేడిచేసి కట్టడం మాత్రం నాకు నచ్చదు. పాలు తగిలి బొబ్బలెక్కినవాళ్ళని చాలామందిని చూశాను, కంట్లో పడితే మరీ ప్రమాదం. దానికంటే ఇసుక కాపడం నయం. మనకి గోదావరి ఇసుకకి కొదవా? శుభ్రంగా కడిగి ఆరబెట్టిన ఇసుకని మూకుట్లో వేయించి, మందపాటి నూలుగుడ్డలో మూటకట్టి, ముందు మీ అరచెయ్యి వెనకవైపు ఆనించి చూసి అప్పుడు పెట్టండి. ఆమవాతంలో నూనె రాయకుండా ఈ పొడి కాపడమే పెట్టమని మావాళ్ళు పూర్వమే చెప్పారు. ఇప్పుడు షుగరు కూడా బయటపడింది కాబట్టి అమ్మగారికి పాదాల స్పర్శ ఎలా ఉందో చూసుకోండి. తిమ్మిరెక్కిన కాళ్ళకి ఎంత వేడో తెలీదు, కాలిపోతుంది.

పసుపు గురించి. పసుపులో పనిచేసేదని చెప్పే కర్కుమిన్ నూటికి మూడు పాళ్ళ దగ్గర ఉంటుంది. అది ఒంటికి పట్టడం కష్టం, మిరియం తోడైతే బాగా పడుతుంది. మోకాలి నొప్పికి ఎక్కువ మోతాదులో ఇచ్చి చూస్తే కొంత ఉపశమనం కనబడింది. అది గ్లాసు పాలలో చిటికెడు వేస్తే వచ్చేది కాదు. పాలు తాగండి, మంచిదే, ఆశ మాత్రం తక్కువ పెట్టుకోండి. మిరియం సారం కలిపి గాఢంగా చేసిన కర్కుమిన్ మాత్రలు మీ అంతట మీరు కొని వాడకండి. కొందరికి కాలేయం దెబ్బతింది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు అసలే వద్దు. శల్లకి అనే చెట్టు బంకతో చేసే మాత్రలకి సంధివాతంలో ఓ మాదిరి ఫలితం ఉంది, నేనూ రాసేవాణ్ణి, రెండు మూడు నెలలు చూసి గుణం లేకపోతే ఆపేసేవాణ్ణి. గ్లూకోసమిన్ మాత్రలు ఖరీదెక్కువ, ఫలితం తక్కువ. వాటిలో చాలావరకు రొయ్య, పీత పెంకుల నుంచి తీసేవే. భీమవరం చెరువుల పక్కన ఉండి అంత డబ్బు పోసి కొనాలా అని నవ్వొస్తుంది.

నల్లేరు పచ్చడి అడిగారు. తినండి, రుచికైనా తినాలి. లేత కణుపులే కోసుకోవాలి. చేతులకి నూనె రాసుకుని ఈనెలు తీసి, ముక్కలు నువ్వుల నూనెలో రంగు మారేదాకా వేయించి, ఎండుమిర్చి, మినప్పప్పు, నువ్వులతో చింతపండు కాస్త ఎక్కువే వేసి రుబ్బాలి. సరిగ్గా వేగకపోతే గొంతు దురదపెడుతుంది. విరిగిన ఎముక అతకడానికి దాన్ని ఎప్పటినుంచో వాడుతున్నారు. అరిగిన మోకాలికి అది చాలుతుందని మాత్రం నేను చెప్పను.

ఇప్పుడు నాన్నగారు. ఆయన కంచంలోంచి ఎముకల సూపు ఈరోజే తీసెయ్యండి. యూరిక్ యాసిడ్ పెంచేవాటిలో అదొకటి. సంక్రాంతికీ పెళ్ళికీ ఆయన ఏం తిన్నారో మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. రొయ్యల ఇగురు, వేట మాంసం, కార్జం, ఆ పైన బీరో కల్లో. గౌట్‌ని రేపేవి సరిగ్గా అవే. ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్ళు, కవళ్ళు కూడా ఆయనకి పడవు. శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేప వారానికి ఒకసారి రెండు ముక్కలు ఫరవాలేదు. కూల్‌డ్రింకులూ మానాలి, వాటిలో తీపి కూడా యూరిక్ యాసిడ్ పెంచుతుంది. పప్పూ బచ్చలికూరా మాన్పించే అలవాటుంది మనకి. అక్కర్లేదు. కూరగాయల్లోని ప్యూరిన్ల (ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారే పదార్థాల) వల్ల గౌట్ పెరగదని తేలింది. వెన్న తీసిన మజ్జిగ ఇంకా మంచిది. కీలు వాచి ఉన్నప్పుడు కాపడం, మర్దన ఏవీ వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచండి.

కానీ పథ్యం ఎంత గట్టిగా చేసినా యూరిక్ యాసిడ్ డెసిలీటరు రక్తానికి సుమారు ఒక మిల్లీగ్రాము తగ్గుతుంది, అంతే. రక్తంలో అది 6.8 దాటితే స్ఫటికాలు కట్టడం మొదలవుతుంది. 6 కంటే తక్కువలో ఉంచాలి. పరీక్షలో 9 వచ్చిందనుకోండి, తిండి ఒక్కదానితో అక్కడికి చేరలేరు, అల్లోప్యూరినాల్ లాంటి మందు అవసరమవుతుంది. వాపు ఉన్నప్పుడు చేసిన పరీక్ష మామూలుగా రావచ్చు, అది చూసి గౌట్ కాదనుకోకండి. తగ్గిన రెండు మూడు వారాలకి మళ్ళీ చేయించండి. బీపీకి ఆయన నీటి మాత్ర (ఒంట్లో నీరు మూత్రంగా తీసేది) వాడుతున్నారేమో చూడండి. కొన్ని రకాల నీటి మాత్రలూ, గుండెకి ఇచ్చే చిన్న మోతాదు ఆస్పిరినూ యూరిక్ యాసిడ్ పెంచుతాయి. మీరు ఆపకండి, డాక్టరుతో చెప్పండి.

రుమటాయిడ్ గురించి మీరడగలేదు. అయినా అమ్మగారి వేళ్ళ కణుపులు ఒకసారి నొక్కి చూడండి, మెత్తగా ఉబ్బి నొప్పిగా ఉన్నాయా అని. స్టెరాయిడ్ పొడి ఆ వాపుని దాచేసి ఉండవచ్చు, అది తగ్గించేకొద్దీ బయటపడుతుంది. అలా అయితే ఆర్ఎఫ్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేయించి రుమటాలజిస్టు (ఈ కీళ్ళ జబ్బుల డాక్టరు) దగ్గరికి వెళ్ళాలి. ఆ జబ్బులో మొదటి ఆరు నెలలు చాలా విలువైనవి. ఆకులతో కాలక్షేపం చేస్తే కీలు వంకరపోతుంది, మళ్ళీ తిన్నగా రాదు. కానాగంతలు, కవళ్ళు, కాలంలో దొరికితే పులస, ఇలాంటి నూనె చేపలు ఆ జబ్బులో నొప్పిని కొంత తగ్గిస్తాయి. అయితే అవి మందుకి తోడు మాత్రమే. ఇంట్లో ఎవరైనా చుట్ట కాలిస్తే మానిపించండి, పొగ ఆ జబ్బుని ముదరబెడుతుంది. మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు. రోజూ మింగితే ప్రాణం పోవచ్చు. వారంలో ఏ రోజో చీటీ మీద పెద్దక్షరాలతో రాసి మందుల డబ్బాకి అంటించండి.

ఒకే కీలు ఎర్రగా వాచి, దాంతో పాటు జ్వరం, వణుకు వస్తే అది పథ్యాల వ్యవహారం కాదు, కీలులో చీము పట్టి ఉండొచ్చు. ఆరోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇంట్లో చేసుకోవలసిన మార్పులు రెండు మూడున్నాయి. గొంతుకూచునే మరుగుదొడ్డి మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, ముందు అది కొనండి. కత్తిపీట ముందు నేలమీద కూర్చోవడం మాన్పించి బల్ల మీద చాకుతో తరగమనండి. చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడతారు. పట్టుకున్నా నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అది తప్పు. కుడి మోకాలు ఎక్కువ నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి బాగా ఉన్న రోజు మాత్ర మింగే ముందు డైక్లోఫెనాక్ జెల్ పూసి చూడండి, కడుపుకీ కిడ్నీకీ ఇబ్బంది తక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు పొడి పొట్లాంతో పాటు ఇద్దరూ వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచీలో వేసుకెళ్ళండి. షుగరు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), యూరిక్ యాసిడ్, నిలబెట్టి తీసిన మోకాలి ఎక్స్‌రే, ఇవి చేయించాక ఏం వచ్చిందో రాయండి, తైలాల సంగతి అప్పుడు వివరంగా చెబుతాను.